పక్క సీట్లో లైసెన్సు

బూరెలవలసలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే ఊళ్ళోవాళ్ళు ఏం చెబుతారో గానీ, బలగ అనే ఇంటిపేరువాళ్ళ ఇంట్లో మాత్రం నలుగురికి నలుగురూ చెయ్యెత్తేస్తారు. తల్లి అప్పలనరసమ్మ అయితే రెండు చేతులూ ఎత్తుతుంది. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి తెలివి ఉగ్గుపాలతోనే వచ్చేస్తుందనీ, కోడలై వచ్చినవాళ్ళకి ఆ ఇంటి నూతి నీళ్ళతో ఎక్కుతుందనీ ఆవిడ గట్టి నమ్మకం. ఇంతకీ ఆ తెలివేమిటయ్యా అంటే, ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు, రవ్వంత అటూ ఇటూ పోకుండా చెయ్యడం. ఆ మధ్య పెద్దకొడుకు పైడిరాజుకి కాలు బెణికితే, కట్టు విప్పేదాకా కాలు కింద పెట్టొద్దని డాక్టరుగారు చెప్పారు. అంతే. కూర్చుంటే ఆ కాలు తమ్ముడు చిన్నంనాయుడి భుజం మీద, పడుకుంటే దూలానికి కట్టిన తాడులో. ఊరంతా వచ్చి చూసిపోయారు. వాళ్ళు నవ్వుకుంటున్నారని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. మన తెలివి చూడ్డానికి జనం ఎలా ఎగబడుతున్నారో అని అప్పలనరసమ్మ వచ్చినవాళ్ళందరికీ మజ్జిగ పోసింది.

పైడిరాజు మనసు వెన్న. పని దొంగ అసలే కాడు. కాకపోతే ఏ పనిలో పెట్టినా చెప్పింది చెప్పినట్టు చేసి, వారం తిరక్కుండా ఇంటికొచ్చేస్తాడు. కిరాణా కొట్టు షావుకారు "ఈగల్ని వాలనివ్వకురా" అంటే, రోజంతా ఈగల వెంట పరిగెత్తి బెల్లం కొనడానికొచ్చిన వాళ్ళందరి మీదా తుండుగుడ్డ విసిరాడు. ఇంకేముంది, ఊళ్ళో వాడికి పనిచ్చేవాళ్ళే లేకుండా పోయారు. పెళ్ళాం ఆదిలక్ష్మి ఒక్కతే ఎండనకా వాననకా కూలికెళ్ళి ఇల్లు లాక్కొస్తోంది. సాయంత్రం ఆ పిల్ల మట్టికాళ్ళతో గుమ్మంలోకి వస్తుంటే పైడిరాజుకి అన్నం సహించేది కాదు.

అలాంటి సమయంలో పాల సంఘం వ్యానుకి డ్రైవరు కావాల్సి వచ్చింది. సంఘం ప్రెసిడెంటు పాపినాయుడు కోపిష్ఠి గానీ మంచివాడు. పైడిరాజు కాళ్ళావేళ్ళా పడితే, సరే, లైసెన్సు పరీక్ష పాసై రా, పని ఇస్తానన్నాడు. మేనమామ వాడి వాడి విసుగెత్తి వదిలేసిన పాత తెల్ల కారొకటి వాళ్ళ పెరట్లో పడుంది. పైడిరాజు పట్నంలో ఆర్టీవో ఆఫీసుకెళ్ళి, నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు, అదే ఎల్ ఎల్ ఆర్, తెచ్చుకున్నాడు. ఊరి వెనక కళ్ళంలో గడ్డికుప్పల చుట్టూ కారు తిప్పి తిప్పి, నిజం చెప్పాలంటే బాగానే నేర్చుకున్నాడు. చేతికి అలవాటైపోయింది. తిరకాసంతా రోడ్డెక్కడంలోనే ఉంది.

ఎందుకంటే పరీక్ష పట్నంలో. పరీక్షకి కారు తీసుకెళ్ళాలి. ఎల్ ఎల్ ఆర్ గడువు పరీక్ష రోజుతోనే సరి. ఇక పాపినాయుడేమో, సాయంత్రం పాలు పోసే వేళకి పాసైన కాయితంతో నా ముందు నిలబడితే పని నీకు, లేకపోతే పక్కూరి వాడికి అని తెగేసి చెప్పేశాడు. పైడిరాజు తెల్లవారుజామునే లేచి కారు తుడిచాడు. ఈ ఒక్కటీ పోతే ఇక ఆదిలక్ష్మి ముఖం చూడలేననుకున్నాడు.

ఎల్ ఎల్ ఆర్ ఇచ్చినప్పుడు అక్కడి గుమస్తా రెండు ముక్కలు చెప్పాడు. ఒంటరిగా నడపకూడదు, ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి అని. బలగ వాళ్ళు ఆ రెండు ముక్కల్నీ భద్రంగా దాచుకున్నారు. ఆదిలక్ష్మి ఎడ్ల కొమ్ములకి పూసే ఎర్రరంగు తెచ్చి కారు ముందర గొంతుక్కూర్చుంటే, అప్పలనరసమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేర్సుకుంతన్నది ఎవులే? కారా, నీ మొగుడా?" అని అడిగింది.

ఆదిలక్ష్మి ఆలోచించి, మా ఆయనే అంది. మరి కారుకి రాస్తే కారు నేర్చుకుంటోందని జనం అపార్థం చేసుకోరా అంది అత్త. నిజమే కదా. అంతే, పైడిరాజు తెల్ల చొక్కా మీద ముందు పెద్ద ఎల్, వెనక పెద్ద ఎల్. రంగు పచ్చిగా ఉంది కాబట్టి వాడు సీటుకి వీపు ఆనించకుండా కూర్చోవాల్సి వచ్చింది. అది ఒకందుకు మంచిదే, నిద్ర రాదు అని తమ్ముడు ధైర్యం చెప్పాడు. ఇక ఒంటరిగా నడపకూడదన్నారు కాబట్టి ఇంట్లో అందరూ ఎక్కారు. ముందు సీట్లో ఇంటిపెద్ద అప్పలనరసమ్మ, వెనకాల ఆదిలక్ష్మి, చిన్నంనాయుడు, పైన చిన్నంనాయుడి సైకిలు. సైకిలెందుకురా అంటే, ఇంకా కొంచెం ఒంటరితనం తగ్గుతుందని అన్నాడు. దాన్ని కారు మీదకెక్కించి తాళ్ళతో కట్టారు.

ఊరు దాటి మెయిన్ రోడ్డు జంక్షన్‌కి వచ్చారో లేదో, హెడ్ కానిస్టేబుల్ తిరుపతిరావు చెయ్యి అడ్డం పెట్టాడు. రిటైరవబోతున్న మనిషి. ఎవరి మీదా అరవకుండా ఉద్యోగం పూర్తి చేసుకోవాలని ఆయన కోరిక. బోర్డేదయ్యా అన్నాడు. పైడిరాజు దిగి ముందువైపు చూపించి, తిరిగి వెనకవైపు చూపించాడు. తిరుపతిరావు టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు.

లైసెన్సు ఉన్నవాళ్ళు ఎవరైనా పక్కన ఉన్నారా అని అడిగాడు తరవాత. లేరు గానీ ఒంటరిగా లేను బాబూ, సైకిల్తో కలిపి అయిదుగురం అన్నాడు పైడిరాజు వినయంగా. తిరుపతిరావు నిట్టూర్చి, పసిపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. ఎల్ ఎల్ ఆర్ ఉన్నవాడు బండి నడపాలంటే పక్కన పూర్తి లైసెన్సు ఉన్నవాడుండాలి. ఇంట్లో వాళ్ళెంతమంది ఎక్కినా లెక్కలోకి రారు. వాడు లేకుండా నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే. కేసవుతుంది, జరిమానా పడుతుంది, బండి స్టేషనుకి పోతుంది. బండి ఇచ్చినవాడి మీదా కేసవుతుంది. ఖర్మకాలి ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్సు కంపెనీ మాకు సంబంధం లేదంటుంది. అప్పుడు ఇల్లూ వాకిలీ అమ్ముకోవాలి.

మేనమామ మీద కేసవుతుందనగానే అప్పలనరసమ్మకి లోపల్లోపల కొంచెం సంతోషమే వేసింది. పోయినేడు అన్న ఆవిడకి చీర పెట్టలేదు. కానీ ఇల్లూ వాకిలీ అనేసరికి కంగారు పడింది. పైడిరాజేమో ఇంక పరీక్ష ఎక్కడ, పని ఎక్కడ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కళ్ళనీళ్ళు చూసి తిరుపతిరావు మనసు కరిగిపోయింది. కారు ఇక్కడే ఉంచండి, లైసెన్సు ఉన్నవాడిని పక్కన పెట్టుకుని వెళ్ళండి, ఈసారికి వదిలేస్తున్నా అన్నాడు. ఆ కరుణే ఆ రోజంతా ఆయన ప్రాణానికి వచ్చింది.

ఊళ్ళో పూర్తి లైసెన్సు ఉన్నవాడు లారీ డ్రైవరు సన్యాసి ఒక్కడే. రాత్రంతా లారీ తోలి అప్పుడే ఇంటికొచ్చి పడుకున్నాడు. చిన్నంనాయుడు సైకిలేసుకుని వెళ్ళి, కోడికూర వండిపెడతామని ఆశపెట్టి, కళ్ళు కూడా తెరవనివ్వకుండా సైకిలెక్కించి జంక్షన్‌కి తెచ్చాడు. తీరా వచ్చేసరికి తిరుపతిరావు టీకి వెళ్ళాడు. సన్యాసి ఆవలిస్తూ ముందు సీటు వైపు నడిచాడు. సీట్లో అప్పలనరసమ్మ కదలకుండా కూర్చుని ఉంది.

ఇంటిపెద్ద ముందు సీటు దిగి వెనకాల కూర్చోవడమనేది బలగ వాళ్ళ వంశంలో లేదు. పైగా ఆవిడ ఆలోచించింది కూడా. "పక్కనుండాలన్నారు గానీ లోపలుండాలన్నారేటి?" అంది. అవును కదా అన్నారు అందరూ. నిద్రమత్తులో ఉన్న సన్యాసి కూడా తలూపాడు. ఇంకేముంది, పైడిరాజు కారు స్టార్టు చేశాడు. సన్యాసి సైకిలెక్కి కారు పక్కన తొక్కడం మొదలుపెట్టాడు.

సన్యాసి బొజ్జ గల మనిషి. ఆ సైకిలేమో గాలి సగమే ఉన్నది. సైకిలు ఎంత వేగంగా పోతే కారు అంతే వేగంగా పోవాలి కదా, లేకపోతే పక్కన లేనట్టవుతుంది. సన్యాసి ఆగి ఆయాసం తీర్చుకుంటే కారు ఆగింది. సన్యాసి గుంత తప్పించుకోవడానికి రోడ్డు మధ్యకొస్తే కారు కూడా అంత దూరం జరిగింది. వెనకాల ఆర్టీసీ బస్సు, దాని వెనక ఇసుక లారీ, దాని వెనక పెళ్ళివారి జీపు, ఆ వెనక ఇంకేమేం ఉన్నాయో దేవుడికెరుక. అన్నీ హారన్లు మోగిస్తున్నాయి. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అప్పలనరసమ్మ వాళ్ళందరికీ దణ్ణాలు పెడుతోంది. పరీక్షకెళ్తున్న బిడ్డని అందరూ ఇలా హారన్లు కొట్టి దీవిస్తున్నారని ఆవిడ అనుకుంది.

తిరుపతిరావు టీ గ్లాసు పడేసి మోటారు సైకిలు మీద ఆ బళ్ళన్నీ దాటుకుంటూ వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. సన్యాసిని సైకిలు మీంచి దింపి, లైసెన్సు తీసి చూశాడు. సరిగ్గానే ఉంది. సైకిలుని మళ్ళీ కారు మీద కట్టించి, అప్పలనరసమ్మని బతిమాలి వెనక సీట్లోకి పంపి, సన్యాసిని ముందు సీట్లో కూలేసి, ఈసారి ఎక్కడా సందు లేకుండా చెప్పాననుకుని చెప్పాడు.

"సన్యాసీ, నువ్వు కారు లోపల, ఇదే సీట్లో ఉండాల. నీ సెయ్యి హేండ్‌బ్రేకు మీదుండాల. ఆడు ఏదైనా తేడాగా తోలితే బండి ఆగిపోవాల. అర్థమయిందా?"

అర్థమైందని సన్యాసి కాక మిగతా నలుగురూ, వాళ్ళతోపాటు వెనక ఆగిన బస్సు డ్రైవరూ తలూపారు. తిరుపతిరావు లైసెన్సు తిరిగి ఇవ్వబోతే అప్పలనరసమ్మ చెయ్యి చాపి అందుకుంది. నిద్రమొహంగాడు, ఎక్కడైనా పారేసుకుంటాడు అని జాగ్రత్తగా రొండిన దోపుకుంది.

కారు బయల్దేరింది. రెండు మైలురాళ్ళు దాటకుండానే సన్యాసి గుర్రు పెట్టాడు. చెయ్యి మాత్రం హేండ్‌బ్రేకు మీదే ఉంది. ఉండకపోతే అప్పలనరసమ్మ ఊరుకుంటుందా, వెనకనుంచి వంగి తన చేత్తో వాడి చేతిని అదిమి పట్టుకుంది. నిద్రలో లారీ గేరనుకున్నాడో ఏమో, సన్యాసి ఆ పిడిని బలమంతా పెట్టి పైకి లాగాడు. ఇంకేముంది, కారు మూలగడం మొదలుపెట్టింది. కారు మూలిగినకొద్దీ పైడిరాజు కాలు ఇంకా గట్టిగా తొక్కాడు. కాలు తొక్కినకొద్దీ వెనక చక్రాల దగ్గర మాడు వాసన. పొగ.

ఆదిలక్ష్మికి భయమేసి ఏదో కాలుతోందంది. కాలడం కాదు, కొత్త డ్రైవరు కదా, బండికి చెమట పడుతోంది అన్నాడు చిన్నంనాయుడు. అలాగైతే దాహం కూడా వేస్తుందని అత్తా కోడళ్ళు ఒకటైపోయి, కారు ఆపించి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ బిందె చక్రం మీద కుమ్మరించారు. చక్రం బుస్సుమంది. తెల్లటి ఆవిరి కిటికీలోంచి లోపలికి కమ్ముకుంది. సన్యాసి కళ్ళు తెరిచి చూస్తే చుట్టూ పొగ. ఎదురుగా ఎర్రటి ఎల్ రాసుకున్న మనిషి. తను చనిపోయాననుకున్నాడు పాపం. కెవ్వుమని అరిచి, తలుపు తీసుకుని, పొలాలకడ్డం పడి కాళ్ళకి బుద్ధి చెప్పాడు. ఎంత పిలిచినా వెనక్కి తిరగలేదు.

పైడిరాజు స్టీరింగు మీద తల వాల్చేశాడు. మధ్యాహ్నం దాటితే పరీక్ష పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోతాడు. సాయంత్రానికి పని పక్కూరి వాడిది. పక్కనేమో లైసెన్సు ఉన్నవాడు లేడు. వాడికి నిజంగా ఏడుపొచ్చింది. అప్పుడు అప్పలనరసమ్మ దర్జాగా దిగి, వెనక తలుపు వేసి, ముందు తలుపు తీసుకుని, తన పాత సీట్లో కూర్చుంది.

"ఏడవకురా నాయినా. లైసెన్సు ఉన్నోల్లు పక్కన కూసోవాలన్నారు. ఇదిగో, లైసెన్సు నా కాడే ఉంది, నానిక్కడే ఉన్నాను. తోలు" అంది రొండిన తట్టుకుంటూ.

ఇంత తేలికైన మార్గం ఉండగా నిద్రపోతున్నవాడిని ఊరికే లేపామే అని అందరూ బాధపడ్డారు. హేండ్‌బ్రేకు మీద చెయ్యి పెట్టడానికి మాత్రం అప్పలనరసమ్మ ఒప్పుకోలేదు. దానివల్లే బండికి చెమట పట్టిందని ఆవిడ కనిపెట్టేసింది. పిడిని కిందకి నొక్కేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. చిత్రంగా కారు హాయిగా పరిగెత్తింది.

పట్నం పొలిమేర దగ్గర ఆదిలక్ష్మికి ఇన్సూరెన్సు మాట గుర్తొచ్చింది. ఎవరినైనా గుద్దితే ఇల్లు పోతుందన్నారు కదా అంది. అందుకు చిన్నంనాయుడు ఒక ఉపాయం చెప్పాడు. ముందే చెప్పేస్తే జనమే తప్పుకుంటారు, ఇక గుద్దడానికెవరుంటారు అని. అంతే, వాడు దిగి కారుకి ముందు పరుగు అందుకున్నాడు. వాడి గొంతు అసలే మైకు అక్కర్లేని గొంతు.

"తప్పుకోండి బాబూ, తప్పుకోండి. మా అన్న ఇంకా నేర్సుకుంతన్నాడు. పక్కన లైసెన్సోడు పారిపోనాడు. గుద్దితే ఇన్సూరెన్సు రాదు. తప్పుకోండి."

కూరగాయల బళ్ళవాళ్ళు బళ్ళు వదిలేసి అరుగులెక్కారు. ఎప్పుడూ ఎవరికీ దారివ్వని ఆటోలు సందుల్లోకి దూరాయి. మార్కెట్టు వీధి ఊడ్చినట్టు ఖాళీ అయిపోయింది. ఆ ఖాళీ వీధిలో పైడిరాజు తిన్నగా, నెమ్మదిగా, ఎవరికీ తగలకుండా కారు నడుపుకుంటూ పోయి ఆర్టీవో ఆఫీసు మైదానంలో ఆపాడు. చిన్నంనాయుడు ఆ ఊపులో ఆగకుండా బ్రేక్ ఇన్‌స్పెక్టరు బల్ల దాకా పరిగెత్తి, ఆయనకి కూడా ఆ మాటలన్నీ ఒకసారి వినిపించాడు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు మాధవరావు గారు కళ్ళజోడు సర్దుకుని, బండి ఎవరి తోడుతో తెచ్చావని పైడిరాజుని అడిగాడు. అప్పలనరసమ్మ గర్వంగా రొండినుంచి లైసెన్సు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన ఆ కార్డులో మెలితిరిగిన మీసాల సన్యాసిని చూశాడు, ఆవిడని చూశాడు. ఇది నీదా అమ్మా అన్నాడు. "నాదని నానన్లేదు బాబూ. నా కాడ ఉందన్నాను" అంది ఆవిడ.

మాధవరావు గారు జరిమానా పుస్తకం ముందుకి లాక్కున్నాడు. పైడిరాజు ఇక్కడితో అయిపోయిందనుకున్నాడు. ఆయన మెల్లగానే మాట్లాడాడు గానీ ఆ మెల్లదనమే ఎక్కువ భయపెట్టింది. ఎవడి లైసెన్సో జేబులో పెట్టుకుంటే లైసెన్సు వచ్చినట్టు కాదు. తోడు లేకుండా రోడ్డెక్కడం తప్పు. ఈ తప్పుకి జరిమానా రాస్తున్నా, కట్టాల్సిందే. దారిలో ఒక పిల్లాడు అడ్డమొచ్చి ఉంటే ఈపాటికి నువ్వెక్కడుండేవాడివో ఆలోచించుకో. ఆ మాటకి పైడిరాజు నిజంగానే ఆలోచించుకుని, రెండు చేతులూ జోడించాడు. ఆదిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. అయితే పరీక్షకి నీ వంతు ఇవాళే ఉంది కాబట్టి పరీక్ష మాత్రం పెడతాను అన్నాడాయన. జరిమానా కాయితం అందుకుని అప్పలనరసమ్మ కళ్ళకద్దుకుంది.

మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో ముగ్గు గీసి, రాళ్ళు పేర్చి ఉంది. గీత దాటకుండా తిప్పు, నేను ఆపమనేదాకా ఆపకు అన్నాడు మాధవరావు గారు. పైడిరాజు మొదలుపెట్టాడు. రెండోసారి తిప్పుతుండగా ఇన్‌స్పెక్టరు గారికి పైఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఆయన మాట్లాడుకుంటూ లోపలికెళ్ళాడు. తరవాత భోజనానికెళ్ళాడు. భోజనమయ్యాక కాస్త కునుకు తీశాడు. పైడిరాజు తిప్పుతూనే ఉన్నాడు. మిగతా పరీక్షల వాళ్ళు చెట్ల కింద కూర్చుని మొదట నవ్వారు, తరవాత విసుక్కున్నారు, ఆఖరికి చప్పట్లు కొట్టారు. మలుపు దగ్గర కిటికీలోంచి ఆదిలక్ష్మి ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. చిన్నంనాయుడికి చూసి చూసి కళ్ళు తిరిగి పడిపోతే నీళ్ళు చల్లి లేపారు.

పొద్దు పడమటికి వాలడం మొదలయ్యాక మాధవరావు గారు బయటికొచ్చి, మైదానంలో ఇంకా తిరుగుతున్న కారుని చూసి నోరు వెళ్ళబెట్టాడు. గీత మీద ముగ్గుపిండి చెదరలేదు. ఒక్క రాయి కదల్లేదు. ఆపమన్నాడు. పైడిరాజు ఆపాడు. ఇంత నిఖార్సుగా తిప్పినవాడిని నా సర్వీసులో చూడలేదయ్యా అని సంతకం పెట్టి, పాసైన కాయితం చేతికిచ్చాడు. పైడిరాజుకి కాయితం మీద అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి, కళ్ళ నిండా నీళ్ళు. ఆదిలక్ష్మి చెయ్యి పట్టుకుని, ఇక నువ్వు కూలికెళ్ళక్కర్లేదే అన్నాడు. ఆ పిల్ల నవ్వుతూ ఏడ్చింది.

కానీ ఇన్‌స్పెక్టరు గారు పొద్దున్న జరిగింది మర్చిపోలేదు. అసలు కార్డు పోస్టులో ఇంటికొస్తుంది. అది వచ్చేదాకా నువ్వు స్టీరింగు మీద చెయ్యి వేశావని తెలిసిందంటే పాసు రద్దు చేస్తాను అని వేలు చూపించి మరీ చెప్పాడు. చెప్పి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఇంకేముంది, నలుగురూ కారు చుట్టూ నిలబడ్డారు. కారు ఇంటికి చేరాలి. స్టీరింగు మీద చెయ్యి పడకూడదు. డ్రైవరుని మాట్లాడుకుందామని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఇంట్లో పాసైన డ్రైవరుండగా ఇంకొకడెందుకు. చేతులు స్టీరింగు మీదే కదా వద్దన్నాడు, డిక్కీ మీద వద్దనలేదు కదా అంది అప్పలనరసమ్మ. అంతే, పట్నం నుంచి తోసుకుంటూ బయల్దేరారు. లోపల ఎవరూ లేరు. కారు ఎటైనా ఒరిగితే చిన్నంనాయుడు పరిగెత్తుకెళ్ళి ముందు చక్రాన్ని కాలితో తన్ని సరిచేసేవాడు. జంక్షన్ దగ్గర తిరుపతిరావు ఎదురయ్యాడు. డ్రైవరు సీటు ఖాళీగా ఉండడం చూసి, ఏమీ అడగకుండా పక్కకి తిరిగి నిలబడిపోయాడు. అడిగితే జవాబు చెబుతారని ఆయనకి భయం.

ఊరి ముందు గెడ్డ మీద వంతెన ఉంది. ఎక్కేటప్పుడు ఎత్తు, దిగేటప్పుడు పల్లం, పల్లం చివర పాలకేంద్రం. పాలు పోసే వేళ దాటిపోబోతోంది. ఆయాసపడుతూ వంతెన మీదకి తోసి, నలుగురూ ఒక్కసారే చెమట తుడుచుకున్నారు. నలుగురూ తుడుచుకుంటే కారుని పట్టుకునేదెవరు? అది మెల్లగా కదిలింది. తరవాత మెల్లగా కాదు.

పైడిరాజు దాని వెంట దూకాడు. డ్రైవరు పక్క కిటికీ తెరిచే ఉంది. చెయ్యి లోపలికి పెడితే స్టీరింగు అందుతుంది. ఎదురుగా పాలకేంద్రం, అరుగు మీద పాపినాయుడు, మెట్ల పక్కన గడ్డిమోపులు. వాడి చెయ్యి కిటికీ దాకా వెళ్ళింది. ఆ క్షణంలో వాడికి ఇన్‌స్పెక్టరు వేలు కనబడింది, పాసైన కాయితం కనబడింది, మట్టికాళ్ళతో గుమ్మంలోకొస్తున్న ఆదిలక్ష్మి కనబడింది. చెయ్యి లాగేసుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కారు పక్కనే పరిగెత్తాడు. తప్పుకోండి అని మాత్రం అరిచాడు. అందరూ తప్పుకున్నారు. కారు గడ్డిమోపుల్లోకి దూసుకుపోయి, కుడితి తొట్టిలో ముందు చక్రాలు ముంచి ఆగింది.

పాపినాయుడు పంచె మీద కుడితి తుడుచుకుంటూ వచ్చి, ఎవడ్రా దీన్ని తోలింది అని గర్జించాడు. పైడిరాజు చేతులు ఇంకా వెనక్కే ఉన్నాయి.

"ఎవులూ తోల్లేదు బాబూ. మా అమ్మ మీదొట్టు. నాను సెయ్యి కూడా ఎయ్యలేదు" అని, వంగి, జేబులోంచి కాయితాన్ని తీసుకోమని సైగ చేశాడు.

పాపినాయుడు కాయితం చదివాడు. జరిగిందంతా అప్పలనరసమ్మ పూసగుచ్చినట్టు చెప్పింది, జరిమానా కాయితం కూడా చూపించి. వింటున్నకొద్దీ ఆయన మీసాల కింద పెదాలు వణికాయి. మొదట కోపమనుకున్నారు. తరవాత ఆయన అరుగు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. కారు కుడితిలో పడిపోయినా సరే, ఇచ్చిన మాట తప్పనివాడు పాలల్లో నీళ్ళేం కలుపుతాడు అనుకున్నాడు. పైడిరాజు భుజం తట్టి, కార్డు రాగానే పనిలో చేరు, పో, ఇవాళ్టి నుంచి ఆ వ్యాను నీదే అనుకో అని లోపలికెళ్ళిపోయాడు.

బయట నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఉద్యోగమే అడిగితే వ్యానే ఇచ్చేశాడే, ఎంత దొడ్డమనిషి అని ఆదిలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. ఇచ్చినవాడి ఎదుటే వదిలేసి పోతే చిన్నబుచ్చుకుంటాడంది అప్పలనరసమ్మ. అంతే, సాయంత్రం పాల క్యాన్లతో నిండుగా ఉన్న వ్యాను కింద అడ్డంగా పెట్టిన రాళ్ళు చిన్నంనాయుడు ఒక్కొక్కటే తీసేశాడు. పైడిరాజు డ్రైవరు తలుపు వైపు కూడా వెళ్ళకుండా వెనక్కొచ్చి భుజం ఆనించాడు. ముందు తలుపు తీసి చూసిన అప్పలనరసమ్మ హేండ్‌బ్రేకు పిడిని, పొద్దున్న నేర్చుకున్నట్టే, కిందకి నొక్కేసింది. అందరూ కలిసి వ్యానుని తమ వీధి మొదటిదాకా తోసుకొచ్చారు.

అక్కడ అప్పలనరసమ్మ ఆగి, వీధి చివర ఉన్న తమ ఇంటి వైపు తృప్తిగా చూసింది.

"ఇంకా తొయ్యడవెందుకర్రా? మన వీధి కూడా పల్లవే కదా, వదిలేస్తే అదే ఎలిపోద్ది" అంది.

నిజమే కదా. నలుగురూ చేతులు తీసేశారు.